పూలన్నీ అయిపోయాక పూసే నీలం పొద: కేరియోప్టెరిస్ పెంచుకోవడం ఎలా

వేసవి ముగిసే టైంకి (చల్లటి ప్రాంతాల్లో ఆగస్టు, సెప్టెంబర్ అలా) తోట ఎలా ఉంటుందో చూసే ఉంటారు, గులాబీలు ఓ విడత పూసి అలిసిపోయి ఉంటాయి, సీజనల్ మొక్కలు పొడుగ్గా సాగిపోయి కింద ఆకులు పసుపెక్కి ఉంటాయి, ఆకులు రంగు మారడానికి ఇంకా టైం ఉంటుంది, మధ్యలో కొన్ని వారాలు తోట బోసిగా అయిపోతుంది. సరిగ్గా అప్పుడే, నడుం ఎత్తు కూడా లేని ఒక గుబురు పొద పై నుంచి కింది దాకా నీలం పూలు వేసుకుని, చుట్టూ తేనెటీగలు ముసురుకుంటూ కనిపిస్తుంది. అదే కేరియోప్టెరిస్. నర్సరీల్లో బ్లూబియర్డ్ అని, బ్లూ మిస్ట్ అని కూడా పిలుస్తారు. పువ్వుని దగ్గరగా చూస్తే కింది రేక అంచు కుచ్చులా చీలి ఉంటుంది, కేసరాలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, ఆ నీలం గడ్డం పేరు అందుకే వచ్చింది.

తోటలో ఒక్క పొదకే చోటుంది అంటే నేను దీన్నే పెడతాను. కానీ చాలామంది దీన్ని పోగొట్టుకుంటారు, అది కూడా పట్టించుకోక కాదు, ఎక్కువ పట్టించుకుని. నీళ్లు ఎక్కువై పోతుంది, ఎరువు ఎక్కువై పాడైపోతుంది, లేదంటే చలికాలం అయ్యాక ఎండిపోయిందనుకుని బతికున్న మొక్కనే పీకి పారేస్తారు. అందుకే ఇవన్నీ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ చోటికి ఇది వస్తుందో లేదో చూస్కోండి. ఇది ఆకు రాల్చే పొద, చలికాలంలో పూర్తిగా నిద్రపోయి వసంతంలో లేచే రకం, కాబట్టి సరైన చలికాలం ఉండే చోట బాగుంటుంది. మైనస్ 15, మైనస్ 20 డిగ్రీల చలి దాకా తట్టుకుంటుంది, మరీ చల్లటి చోట పై కొమ్మలన్నీ చచ్చిపోయినా మొదలు నుంచి మళ్లీ పుట్టుకొస్తుంది. ఏడాది పొడవునా వేడి, ఉక్క ఉండే చోట మాత్రం దీన్ని కష్టపెట్టి మీరు కష్టపడొద్దు, అక్కడికి సరిపోయే పొదలు వేరే చాలా ఉన్నాయి.

దీని పుట్టుక తెలిస్తే పెంపకం సగం అర్థమైపోతుంది. మనం తోటల్లో పెంచేది ఎక్కువగా క్లాండొనెన్సిస్ అనే హైబ్రిడ్. ఇంగ్లండ్‌లో సర్రే ప్రాంతంలో వెస్ట్ క్లాండన్ అనే ఊళ్లో ఆర్థర్ సిమ్మండ్స్ అనే ఆయన తోటలో 1930ల్లో తనంతట తానే పుట్టిన మొలక అది, ఆ ఊరి పేరే మొక్కకి పెట్టారు. తల్లిదండ్రుల్లో ఒకటి చైనా, జపాన్, కొరియా వైపు పెరిగే ఇంకానా, రెండోది మంగోలియా, ఉత్తర చైనా వైపు పెరిగే మంగోలికా. ఆ రెండోది పొడి నేలల్లో, ఎండలో, రాళ్ల మధ్య బతికే మొక్క. ఆ రక్తం ఇందులో ఉంది కాబట్టే దీనికి కావాల్సింది ఎండ, నీళ్లు నిలవని నేల, ఈ రెండూ ఉంటే మిగతావన్నీ అదే చూస్కుంటుంది.

రకం ఎంచుకునేటప్పుడు చోటు ఎంతుందో చూసి ఎంచుకోండి. మామూలుగా 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తు, దాదాపు అంతే వెడల్పు వస్తుంది. హెవెన్లీ బ్లూ ముదురు నీలం, కొమ్మలు నిటారుగా ఉంటాయి, పాత రకం అయినా ఇప్పటికీ బాగుంటుంది. డార్క్ నైట్ ఇంకా ముదురు, ఊదా కలిసిన నీలం. ఫస్ట్ చాయిస్, పెటిట్ బ్లూ చిన్నగా గుబురుగా ఉంటాయి, కుండీకైనా దారి పక్కకైనా ఇవి సరిపోతాయి. వూస్టర్ గోల్డ్ ఆకులే పసుపు బంగారం రంగులో ఉంటాయి, పూలు రాకముందు కూడా చూడ్డానికి బాగుంటుంది, పూలొచ్చాక పసుపు మీద నీలం ఇంకా బాగుంటుంది. ఆకుల అంచు తెల్లగా, పసుపుగా ఉండే రకాలు కూడా ఉన్నాయి గానీ నా మనసుకి మామూలు బూడిద పచ్చ ఆకే నచ్చుతుంది, ఆకు వెనక వెండిలా సన్నటి నూగు ఉంటుంది, గాలొస్తే అది తిరగబడి మెరుస్తుంది. ఆకు నలిపి చూడండి, యూకలిప్టస్ లాంటి ఘాటు వాసన వస్తుంది, ఇది పుదీనా, తులసి కుటుంబమే మరి, కాడ కూడా నాలుగు పలకలుగా ఉంటుంది. ఆ ఘాటు వల్లే జింకలు, కుందేళ్లు తిరిగే చోట కూడా దీన్ని పెద్దగా ముట్టుకోవు.

కొనేటప్పుడు కుండీ తిరగేసి వేళ్లు చూడమని అడగడానికి మొహమాటపడకండి. వేళ్లు తెల్లగా ఉండాలి, గోధుమ రంగులో మెత్తగా ఉంటే నీళ్లు ఎక్కువైన మొక్క అది, వద్దు. పూలతో ఉన్న పెద్ద మొక్క కంటే మొదట్లోంచి నాలుగైదు కొమ్మలు వచ్చిన చిన్న మొక్క మేలు.

ఇక చోటు. రోజుకి ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి, అంతకంటే ఎక్కువైతే ఇంకా మంచిది. నీడలో పెడితే చావదు గానీ కొమ్మలు ఎండ వైపు సాగిపోయి మధ్యలో విచ్చుకుపోతుంది, పూలు అక్కడొకటి ఇక్కడొకటి వస్తాయి. గోడ పక్కన, మెట్ల పక్కన, గులకరాళ్ల దారి అంచున, వాలు మీద, ఇలాంటి చోట్లు దీనికి ఇష్టం. చలిగాలి నేరుగా కొట్టే మూల అయితే దక్షిణం వైపు చూసే గోడ ఆసరా ఇవ్వండి (నేను చెప్పే దిక్కులు, నెలలు అన్నీ ఉత్తరార్ధగోళం లెక్క, కింది వైపు ఉన్నవాళ్లు తిరగేసుకోండి).

నేల గురించి మాత్రం తొందరపడకండి, అన్నిటికంటే ముఖ్యం ఇదే. మొక్క పెట్టాలనుకున్న చోట ఒక అడుగు లోతు గుంట తవ్వి నిండా నీళ్లు పోయండి, అవి ఇంకిపోయాక మళ్లీ నింపండి, రెండోసారి పోసిన నీళ్లు మూడు నాలుగు గంటల్లో ఇంకిపోతే ఆ చోటు బాగుంది, మర్నాడు పొద్దున్న చూస్తే కూడా గుంటలో నీళ్లు ఉన్నాయంటే అక్కడ పెట్టొద్దు. నా మొదటి మొక్క అలాగే పోయింది, బంకమట్టి నేల, పైన చూడ్డానికి పొడిగానే ఉండేది, మొదటి ఏడాది పూసింది కూడా, చలికాలంలో వానలకి కింద నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లిపోయాయి, వసంతంలో లాగితే మొక్క చేతిలోకి వచ్చేసింది. అప్పుడు నాకు అర్థమైంది ఏంటంటే దీన్ని చంపేది చలి కాదు, చలిలో తడి. అదే చలి పొడి నేలలో హాయిగా తట్టుకుంటుంది.

బంకమట్టి ఉన్నవాళ్లు ఏం చేయాలంటే, గుంటలో మాత్రమే ఇసుక కలపడం వల్ల లాభం లేదు, అది చుట్టూ బంకమట్టి ఉన్న గిన్నెలా తయారై నీళ్లన్నీ అందులోకే చేరతాయి. దాని బదులు చోటంతా ఎత్తు చేయండి, 20–30 సెంటీమీటర్లు మట్టి పోసి చిన్న దిబ్బలా చేసి, ఆ మట్టిలో ముతక ఇసుక, సన్న కంకర, కొంచెం కంపోస్ట్ కలిపి, దాని మీద మొక్క పెట్టండి. సన్న ఇసుక వాడొద్దు, అది బంకమట్టితో కలిసి ఇంకా గట్టిపడుతుంది. సున్నం ఎక్కువున్న నేల అయినా దీనికి పర్లేదు, చాలా పొదలకి పడని సుద్ద నేలలో కూడా ఇది బాగా పెరుగుతుంది, పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం కొలత) గురించి పెద్దగా తల పట్టుకోవాల్సిన పని లేదు.

నాటడం వసంతంలో పెట్టుకోండి, గడ్డకట్టే చలి తగ్గాక, ఏప్రిల్, మే అలా. శరదృతువులో డిస్కౌంట్‌లో పూలతో కనిపిస్తే కొనాలనిపిస్తుంది, కొనండి, కానీ చల్లటి తడి నేలలో అప్పుడే పెట్టేస్తే వేళ్లు పట్టడానికి టైం దొరకదు, కుండీలోనే వాన పడని చోట గోడ పక్కన ఉంచి వసంతంలో నాటండి.

నాటే ముందు కుండీతో సహా ఒక బకెట్ నీళ్లలో పావుగంట ఉంచండి. గుంట వేళ్ల ముద్దకి రెండింతలు వెడల్పు, లోతు మాత్రం అంతే. కుండీలోంచి తీశాక వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే చేతి వేళ్లతో విడదీయండి, గట్టిగా ఉంటే నాలుగు వైపులా కత్తితో నిలువుగా చిన్న గాటు పెట్టండి, భయపడక్కర్లేదు. కుండీలో మట్టి ఏ మట్టంలో ఉందో బయట కూడా అదే మట్టంలో ఉండాలి, బంకమట్టి నేల అయితే ఒక వేలు ఎత్తులో ఉన్నా పర్లేదు, లోతుకి మాత్రం పెట్టొద్దు. పశువుల ఎరువు గుంటలో వేయకండి, ఇది పేద నేలకి అలవాటైన మొక్క, బలం ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, కొమ్మలు మెత్తగా పెరిగి వానకి పడిపోతాయి, పూలు తగ్గుతాయి, అలా మెత్తగా పెరిగిన కొమ్మ చలికి కూడా ముందు పోతుంది. మట్టి కప్పి మడమతో కాస్త అదిమి, ఒక బకెట్ నీళ్లు నెమ్మదిగా పోయండి. ఒకటి కంటే ఎక్కువ పెడుతుంటే మధ్యలో 60–75 సెంటీమీటర్లు వదలండి, మొదట్లో ఖాళీగా కనిపిస్తుంది, రెండో ఏడాదికి కలిసిపోతాయి. మూడు కలిపి పెడితే ఒకటి పెట్టినదానికంటే చాలా బాగుంటుంది.

మొదలు చుట్టూ మల్చ్ (నేల మీద పరిచే కప్పు) వేయాలంటే సన్న గులకరాళ్లు వేయండి, రెండు మూడు సెంటీమీటర్ల మందం. చెక్కపొట్టు, ఆకుల ఎరువు లాంటివి మొదలుకి ఆనించి కుప్పేస్తే చలికాలంలో తడి పట్టుకుని కాండం కుళ్లుతుంది.

నీళ్ల సంగతి. మొదటి వేసవి అంతా వారానికి ఒకసారి, వాన లేకపోతేనే, లోతుగా తడిసేలా పోయండి. రోజూ చెంబుడు పోసే పద్ధతి వద్దు, అలా చేస్తే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. మట్టిలో వేలు పెట్టి చూడండి, రెండు కణుపుల లోతు వరకు పొడిగా ఉంటేనే నీళ్లు. రెండో ఏడాది నుంచి నిలదొక్కుకుంటుంది, ఇక మరీ కరువొచ్చినప్పుడు తప్ప దాని జోలికి పోనక్కర్లేదు. మధ్యాహ్నం ఎండకి ఆకు కాస్త వాలినట్టుంటే కంగారుపడి పోసేయొద్దు, సాయంత్రానికి మళ్లీ లేస్తుందేమో చూడండి, లేస్తే దాహం కాదు.

ఎరువు విషయం చెప్పేశాను, అసలు వేయకపోయినా పర్లేదు, వేయాలనిపిస్తే వసంతంలో కత్తిరించాక ఒక గుప్పెడు కంపోస్ట్ చాలు.

ఇప్పుడు కత్తిరించడం, చాలామంది భయపడేది ఇక్కడే, పొద బాగుండాలంటే బాగా నేర్చుకోవాల్సింది కూడా ఇదే. కేరియోప్టెరిస్ పూసేది ఆ ఏడాది వచ్చిన కొత్త కొమ్మ మీద. పాత కొమ్మ మీద పూయదు. అంటే వసంతంలో మీరు ఎంత కత్తిరించినా పూలు పోవు, ఇంకా ఎక్కువ వస్తాయి, ఎందుకంటే ప్రతి కొత్త రెమ్మా పూల రెమ్మే. కత్తిరించకుండా వదిలేస్తే మూడు నాలుగేళ్లకి కింద అంతా బోడి కట్టెలు, పైన మాత్రం పలచగా ఆకు, మధ్యలో విచ్చుకుపోయి గాలికి విరిగిపోతుంటుంది.

ఎప్పుడు అంటే మార్చి చివర్లో, ఏప్రిల్ మొదట్లో, కొమ్మల కింది భాగంలో బూడిద పచ్చ రంగు మొగ్గలు ఉబ్బుతున్నట్టు కనిపించినప్పుడు. శరదృతువులో పూలు అయిపోయాయి కదా అని చేయి దురదపెట్టినా కత్తెర తీయొద్దు. ఆ ఎండు కొమ్మలు చలి నుంచి మొదలుని కాపాడతాయి, కోసిన చోట నుంచి తడి, చలి లోపలికి దిగుతాయి. పైగా ఎండిన గింజల గుత్తులు మంచు పడ్డ పొద్దున్న చూడ్డానికి బాగుంటాయి, ఉండనివ్వండి.

పదునైన కత్తెర తీసుకుని, స్పిరిట్‌తో తుడిచి, ముందు చచ్చిన కొమ్మలు తీసేయండి. ఏది చచ్చిందో తెలియకపోతే గోరుతో బెరడు కొంచెం గీకండి, కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉంది, గోధుమ రంగులో పెళుసుగా ఉంటే పోయింది. తర్వాత పుల్లల్లా సన్నగా ఉన్నవి, ఒకదాన్నొకటి రాసుకుంటున్నవి తీసేయండి. మిగిలిన వాటిని నేల నుంచి 15–30 సెంటీమీటర్ల ఎత్తులో, ఒక మంచి మొగ్గ జతకి కొంచెం పైన కోసేయండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. మొదట్లో లావుగా, ముదిరి, బెరడు పగిలిన పాత కట్టె ఉంటుంది చూడండి, అందులోకి కోయొద్దు, ఆ కట్టెలోంచి కొత్త చిగురు వస్తుందన్న నమ్మకం లేదు. కొత్త కొమ్మ ఎక్కడ మొదలైందో దానికి పైన ఒకటి రెండు జతల మొగ్గలు ఉంచి ఆపేయండి. నాటిన మొదటి వసంతంలో మాత్రం ఇంత గట్టిగా వద్దు, చివర్లు సగం దాకా తీస్తే చాలు, రెండో ఏడాది నుంచి మొదలుపెట్టండి.

కోశాక చూస్తే మోడులా ఉంటుంది, పక్కన మిగతా మొక్కలన్నీ పచ్చగా అయిపోతుంటే ఇది మాత్రం అలా నిలబడి ఉంటుంది, ఇంట్లోవాళ్లు కూడా ఇది పోయింది తీసేయ్ అంటారు. తీయకండి. ఇది ఆలస్యంగా లేచే మొక్క, కొన్నిచోట్ల మే నెల సగం అయ్యే దాకా సరిగ్గా ఆకు వేయదు. గీకి చూడండి, పచ్చగా ఉంటే వదిలేయండి, పైన పచ్చగా లేకపోయినా జూన్ దాకా ఆగండి, మొదలు నుంచి రావచ్చు. ఆ ఖాళీ టైంలో నేల బోసిగా ఉండకుండా కింద క్రోకస్, చిన్న నార్సిసస్ లాంటి దుంపలు పెట్టుకుంటే అవి పూసి ఆకు ఎండే టైంకి ఈ పొద వాటిని కప్పేస్తుంది, ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం.

ఒకసారి లేచిందంటే పెరుగుదల జోరుగా ఉంటుంది. ఇంకా గుబురు కావాలంటే జూన్ మొదట్లోపు రెమ్మల చివర్లు వేళ్లతో తుంచండి, ఆ తర్వాత తుంచితే పూలు ఆలస్యమవుతాయి. ఆగస్టులో ఆకు పంగల్లో గుండ్రటి మొగ్గల గుత్తులు కనపడతాయి, కింది జతల్లో ముందు విచ్చుకుని అలా పైకి ఎక్కుతూ పోతాయి, అందుకే ఒకేసారి పూసి రాలిపోకుండా సెప్టెంబర్, కొన్నిసార్లు అక్టోబర్ దాకా నడుస్తుంది. ఆ టైంకి తేనెటీగలకి వేరే పూలు తక్కువ, కాబట్టి ఎండ పడ్డ మధ్యాహ్నం పొద దగ్గర నిలబడితే ఆ ఝుంకారం వినిపిస్తుంది. ఆ వారాల్లో దీని మీద ఏ పురుగు మందూ కొట్టొద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

అసలు మందు అవసరం పడేది కూడా తక్కువే. లేత చిగుళ్లు చిన్న చిన్న కంతలు పడి వంకర తిరిగి వస్తే అది క్యాప్సిడ్ అనే రసం పీల్చే పురుగు పని, ఆ చివర తుంచేస్తే కింద నుంచి మంచి రెమ్మ వస్తుంది. ఆకులు కింద నుంచి పసుపెక్కి మొక్క మొత్తం వడలినట్టు ఉండి, మట్టి మాత్రం తడిగా ఉంటే అది వేళ్ల కుళ్లు, నీళ్లు ఆపేయండి, చిన్న మొక్క అయితే తవ్వి ఎత్తు చోటికి మార్చండి, పెద్దదైతే వెంటనే కటింగ్స్ (కొత్త మొక్క కోసం కోసే రెమ్మ ముక్కలు) తీసుకుని దాని వంశమైనా దక్కించుకోండి.

కుండీలో పెంచేవాళ్లకి: 35–40 సెంటీమీటర్ల వెడల్పు, అడుగున పెద్ద కంతలు, మట్టిలో మూడో వంతు ముతక ఇసుక గానీ పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్లటి గుళికలు) గానీ. కింద ప్లేట్ పెట్టొద్దు, ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టండి. నేలలో ఉన్నదానికంటే కుండీలోది త్వరగా ఆరిపోతుంది కాబట్టి పెద్దయ్యాక కూడా వేసవిలో నీళ్లు చూస్తూ ఉండాలి, చలికాలంలో వాన పడని గోడ వారకి జరపండి.

పక్కన ఏం పెట్టాలి అంటే, పసుపు రంగు రుడ్‌బెకియా, గులాబీ రంగు సీడమ్, గాలికి ఊగే గడ్డి రకాలు, ఇవన్నీ ఎండ కోరేవే, అదే టైంకి పూసేవే. నీళ్లు ఎక్కువ తాగే హైడ్రాంజియా పక్కన మాత్రం పెట్టకండి, ఒకదానికి పోస్తే ఇంకోదానికి చేటు.

చివరగా కటింగ్స్, దీన్ని వదిలేయకండి, ఎందుకంటే ఇది తరాల తరబడి బతికే పొద కాదు, కొన్నేళ్లకి మొదలు ముదిరిపోయి పూలు తగ్గుతాయి, ఒక్కోసారి బాగున్నదే ఒక తడి చలికాలానికి పోతుంది. గింజతో వేస్తే హైబ్రిడ్ కాబట్టి అదే రంగు, అదే ఎత్తు రావు. పొద కింద తనంతట తానే పడి మొలిచిన మొలకలూ అంతే, చూసి నచ్చితే ఉంచుకోండి. అదే మొక్క కావాలంటే జూన్, జూలైల్లో పూమొగ్గ లేని లేత రెమ్మలు పొద్దున్నే 8–10 సెంటీమీటర్లు కోసి, కణుపుకి సరిగ్గా కింద నీట్‌గా కత్తిరించి, కింది ఆకులు తీసేసి, కంపోస్ట్, పెర్లైట్ సగం సగం కలిపిన చిన్న కుండీలో అంచు వెంట నాలుగైదు గుచ్చండి. రూటింగ్ పౌడర్ (వేళ్లు త్వరగా పట్టేలా చేసే పొడి) ఉంటే అద్దండి, లేకపోయినా వస్తాయి. పైన ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచండి, రెండు రోజులకోసారి కవర్ తీసి గాలి తగలనివ్వండి, లేకపోతే ఆకుకి బూజు పడుతుంది, ఎందుకంటే ఆ నూగు తడిని పట్టుకుంటుంది. మూడు నాలుగు వారాల్లో వేళ్లు పడతాయి, కొద్దిగా లాగితే పట్టు తెలుస్తుంది. విడివిడిగా కుండీల్లోకి మార్చి, ఆ చలికాలం గడ్డకట్టని చోట, దాదాపు పొడిగా ఉంచి, వసంతంలో నాటండి. ఏడాది వయసు కాస్త దాటిన ఆ చిన్న మొక్క ఆ శరదృతువుకే నాలుగు గుత్తులు పూస్తుంది.